పొగ కొన్న ఏడాది

మా ఆయన ఏ వస్తువునూ తొందరపడి కొనలేదు. ఫ్రిజ్ ఎంచుకోవడానికి ఒక ఎండాకాలమంతా తీసుకున్నాడు. ఆ ఎండాకాలం మేం కుండలో నీళ్లే తాగాం. మిక్సీ కోసం తిరుపతిలో దుకాణాలన్నీ తిరిగి, చివరికి మొట్టమొదట చూసినదాన్నే మోసుకొచ్చాడు. చనిపోయేనాటికి ఆయన రెండు పెల్లెట్ స్మోకర్ల మధ్య ఆగి ఉన్నాడు. ఒకదాన్ని కాదనలేదు, రెండోదానికి సరేననలేదు.

పెల్లెట్ స్మోకర్ అంటే చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. చూడడానికి చక్రాలున్న పెద్ద ఇనుప పెట్టె. పక్కన ఒక తొట్టి ఉంటుంది. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలను అందులో పోయాలి. లోపల ఒక మర తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా నిప్పులోకి తోస్తుంది. ఎంత వేడి కావాలో చెబితే, దానికి తగ్గట్టు అదే తోస్తుంది, అదే ఆపుతుంది. మాంసం మంట మీద కాలదు. మూత కింద, పొగలో, తక్కువ వేడి మీద, గంటల తరబడి మెల్లగా ఉడుకుతుంది.

ఆయనకు ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కార్వేటినగరం దగ్గర పల్లెలో ఆయన పుట్టిన ఇంట్లో, కట్టెల పొయ్యి మీద దండెం కట్టి ఉప్పుకండలు వేలాడదీసేవారట. ఉప్పు, పసుపు, కారం పట్టించిన మాంసం తునకలు ఎండలో సగం ఆరి, పొయ్యి పొగలో మిగతా సగం ఆరేవి. గ్యాసు వచ్చాక ఆ వాసన పోయింది. పెరట్లో ఇనుప డ్రమ్ము కోసి, బొగ్గులు వేసి రెండు మూడు సార్లు ప్రయత్నించాడు. నిప్పు దగ్గర కూర్చుని చూసుకునే ఓపిక ఆయనకు లేదు. కాసేపు విసిరి, పేపరు చదవడానికి లోపలికి వచ్చేవాడు. తిరిగి వెళ్లేసరికి ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా ఉండేది.

"నేను కూర్చోలేను. నా బదులు కూర్చునేది ఒకటి కావాల" అనేవాడు.

మా అత్త ఒప్పుకోలేదు. ఆమె మాతోనే ఉంటుంది. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది.

"బతుకంతా పొగలో కండ్లు పోగొట్టుకున్న్యాను. ఇప్పుడు దుడ్లిచ్చి పొగ కొంటావా రా?"

"ఇది కండ్లల్లోకి వచ్చే పొగ కాదుమా. మూత ఏసుంటుంది."

"మూతేసిన పొగ ఇంకెందుకు? పటం కట్టి సూసేదానికా?"

ఆయన నవ్వి ఊరుకునేవాడు. మరుసటి రోజు అన్నం తింటూ మళ్లీ మొదలుపెట్టేవాడు.

పోయిన ఏడాది అక్టోబరు చివర, పెరటాసి నెల దాటి వానలు మొదలైన రోజుల్లో, పొద్దున కాఫీ తాగి, ఎద పట్టేసినట్టుందన్నాడు. ఆస్పత్రికి చేరేసరికి అయిపోయింది. ఇంతకంటే దాని గురించి రాయడానికి ఏమీ లేదు. పరామర్శకు వచ్చినవాళ్లు తీరని లోటు అన్నారు. ఆ మాట ఎవరి గురించి అయినా అనొచ్చు కనుక నేను దాన్ని పట్టించుకోలేదు. ఆయన లేకపోవడం నాకు అలా కనిపించలేదు. ఏదైనా కొనాల్సి వచ్చినప్పుడు వెంటనే కొనేయగలుగుతున్నాను, అలా కనిపించింది.

మా అత్తగారింటి పద్ధతి ఒకటి చెప్పాలి. మనిషి పోయిన ఏడాదికి, ఆ ఒక్కరి కోసమే ఒక ఆకు వేస్తారు. ఇష్టమైనవన్నీ వండి, దీపాలు పెట్టే వేళ లోపల ఆ ఆకులో పెడతారు. పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలి పడకూడదు. వండేవాళ్లు ఉప్పు కూడా చూడకూడదు. ఆ రోజుతో ఆయన పెద్దల్లో కలిసిపోయినట్టు. ఆ తరువాత ఏ పండగకు పెట్టినా పెద్దలందరికీ కలిపి ఒకే ఆకు. అంటే ఆయన ఒక్కరి పేరు మీద ఇక వేయాల్సిన ఆకు ఒకటే ఉంది. దాంట్లో ఏం పెట్టాలన్నది నాకు వేరే ఎవరికీ చెప్పనంత పెద్ద విషయం అయింది.

మాకు పిల్లలు లేరు. కర్మ చేసింది మా మరిది. పాకాలలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతాడు. ఏడాది ఇంకా రెండు నెలలుందనగా ఒక ఆదివారం వచ్చి, సరుకుల సంగతి ఎత్తాడు.

"పొట్టేలు కూర, సంగటి, వడలు. అన్నకు నాటుకోడి గూడా ఇష్టమే. ఇంకేమన్నా ఉండాదా వదినా?"

"పొగలో వండిన పొట్టేలు తొడ పెట్టాలి" అన్నాను.

"ఆ మిషన్‌లోదా?"

"ఊ."

వాడు తల గోక్కున్నాడు. "అది అన్న ఎప్పుడూ తినింది కాదు గదా వదినా. తినింది పెడతారు గానీ, తినాలనుకున్నది పెడతారా యాడన్నా?"

వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. అప్పటిదాకా మంచం మీద అటు తిరిగి పడుకున్న మా అత్త అలాగే ఉండి అంది: "తినాలనుకున్నదే పెట్టాల. తినేసిన దాని మింద ఆశ యాడుంటుంది?"

తరువాత ఇటు తిరిగి నన్ను చూసింది. "పొగ మాత్రం నా గదిలోకి రాగూడదు. సెప్తా ఉండా."

అలా ఆయన ఆపిన చోట నేను మొదలుపెట్టాను.

ఆయన ఆగిన రెండింటిలో మొదటిది మెరిసేది. ముందు పెద్ద తెర, ఫోనుతో కలిపితే ఎక్కడి నుంచైనా లోపలి వేడి చూసుకోవచ్చు. మంచంలో పడుకుని పొగ పెట్టొచ్చు అని ఆయన దాన్ని పొగిడేవాడు. రెండోది మందమైన ఇనుముతో చేసిన బరువైన పెట్టె. తిప్పే గుండీ ఒకటి, అంకెలు చూపే చిన్న కిటికీ ఒకటి. దాని మూత గట్టిగా పడుతుంది, వేడి నిలుస్తుంది అని దాన్నీ పొగిడేవాడు. రెండూ విదేశీవే, రెండూ ఖరీదైనవే.

ఆయన చివరికి ఏది కొనేవాడో ఊహించడానికి నేను చాలా రోజులు ప్రయత్నించాను. ఊహించలేకపోయాను. అంతకాలం ఒకే ఇంట్లో ఉన్నాం, ఇంత చిన్న విషయం నాకు తెలియదా అని బాధపడ్డాను. తరువాత అనిపించింది, అది ఆయనకే తెలియదు కదా. ఆయనకే తెలియని జవాబును ఆయన మాటల్లో వెతకడం దండగ. ఆయన అడిగింది తన బదులు కూర్చునేది. ఇప్పుడు దాని పక్కన కూర్చోబోయేది నేను. కాబట్టి నాకోసం ఎంచుకోవాలి.

నేను లైబ్రరీలో పని చేసి రిటైరైన మనిషిని. చదవడం ఒక్కటే నాకు వచ్చిన పని. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు చదివాను. పొగడ్తలన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి వాటిని వదిలేశాను. ఫిర్యాదులు ఒక్కొక్కటీ వేరు. గుళికలు చెమ్మ తగిలి ఉబ్బి, మరలో ఇరుక్కుని, దాన్ని విప్పడానికి ఒకాయనకు పూటంతా పట్టింది. ఒకరికి తెర పోయింది. తెర వచ్చేదాకా యంత్రం మొత్తం ఊరికే పడి ఉంది. ఇంకొకరికి వంట మధ్యలో కరెంటు పోయి, తిరిగి వచ్చాక యంత్రం మొదటి నుంచీ అన్నీ అడగడం మొదలుపెట్టింది. ఆ సమయానికి ఆయన బయట ఉన్నాడు. ఇవన్నీ మా ఊరికి సరిపోయే ఫిర్యాదులు. కరెంటు పోతుంది, అప్పటికి వానలు పడుతుంటాయి, బాగుచేసేవాడు పక్క వీధిలో ఉండడు.

కారు తోలుతూ మా మరిది చెన్నైకి తీసుకుపోయాడు. అక్కడొక షాపులో రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. అమ్మే అబ్బాయి తెలుగు వచ్చినవాడు, చురుకైనవాడు. ప్రశ్నలు నేను అడుగుతుంటే జవాబులు మా మరిదికి చెప్పాడు.

"సార్, కరెంట్ పోతే అని మీరు అడిగింది చాలా మంచి క్వశ్చన్ సార్."

"అడిగింది మా వదినప్పా. ఆమెకు సెప్పు. నేను కారు తోలేదానికి వచ్చినాను."

ఆ అబ్బాయి సిగ్గుపడి నా వైపు తిరిగాడు. నేను రెండింటికీ ప్లగ్గు లాగి మళ్లీ పెట్టమన్నాను. తెర ఉన్నది ఏదో ఆలోచిస్తూ కూర్చుంది, తరువాత భాష ఏది కావాలని అడిగింది. రెండోది గుండీ ఎక్కడ ఉందో అక్కడి నుంచే మళ్లీ రాజుకుంది. తొట్టిలో గుళికలు తడిస్తే ఎలా తీయాలని అడిగాను. మొదటిదాంట్లో చేత్తో తోడాలి. రెండోదాంట్లో తొట్టి కింద ఒక తలుపు ఉంది, లాగితే అన్నీ కిందికి రాలతాయి. అంకెలు చూపే భాగం పోతే అది ఒక్కటే మార్చుకోవచ్చా అన్నాను. మార్చుకోవచ్చు, రెండోదానివి మా దగ్గర విడిగా ఉంచుతాం అన్నాడు. చెడిపోని యంత్రం ఉంటుందని నేను నమ్మను. ఎక్కడ చెడిందో కనిపించేది ఉంటే చాలు.

కట్టె రకాలు చూపించాడు. ఓక్, చెర్రీ, ఆపిల్, ఇంకేవో.

"మా శేషాచలంలో దీనికంటే మంచి కట్టె ఉండాది" అన్నాడు మా మరిది. "ఎర్రగా, సువాసనగా. కాకపోతే కాల్చినామంటే మాంసం ఉడికే లోపల మేము లోపలికి పోతాము."

ఆ అబ్బాయి నవ్వి, అయితే మామిడి తీసుకోండి సార్ అన్నాడు. ఆయన చిన్నప్పటి పొయ్యిలో కాల్చింది చింతకట్టె. చింతకట్టె గుళికలు ఎక్కడా లేవు. మామిడివి తీసుకున్నాను.

చివరికి శాంపిల్ రుచి చూడమని పళ్లెం తెచ్చాడు. చికెన్ ముక్కలు గోధుమరంగులో నిగనిగలాడుతున్నాయి. మా మరిది చెయ్యి చాపి, సగంలో ఆపేశాడు.

"పెరటాసి కదప్పా" అన్నాడు దిగులుగా.

మా వైపు పెరటాసి నెలంతా వెంకన్న కోసం నీచు ముట్టరు. మా ఇంట్లో ఆ నియమం గట్టిగా ఉంది. ఆ అబ్బాయి పళ్లెం కింద పెట్టేశాడు.

"మాక్కూడా పురట్టాసి సార్. నేనే చేసినాను గానీ తినలేదు. కస్టమర్లు బాగుందన్నారు."

"తినకుండానే అమ్ముతా ఉండావా?"

"ఈ నెల మాత్రం సార్. కావాలంటే పైనాపిల్ ఉంది."

ముగ్గురం నిలబడి పొగ పెట్టిన పైనాపిల్ తిన్నాం. బాగుంది. ఆ పైనాపిల్ సాక్ష్యంతో నేను బరువైన పెట్టెను కొన్నాను. తిరుగుదారిలో నగరి దాటాక మా మరిది అన్నాడు, "అన్నయితే ఇంకో రెండు షాపులు సూసేవాడు వదినా." అవునన్నాను.

యంత్రం ఇంటికి వచ్చింది. వెనక గోడ దగ్గర, సజ్జ కింద పెట్టించాం. నెల పెరటాసి కాబట్టి అభ్యాసమంతా కూరగాయలతోనే చేశాను. వంకాయలు, కంద, మొక్కజొన్న కంకులు, ఒకసారి పనీరు. పక్కింటి పెద్దావిడ గోడ మీదుగా తొంగి చూసి, ఏం కాలుస్తున్నారని అనుమానంగా అడిగింది. వంకాయలని చెప్పి, పచ్చడి చేసి పంపాను. మళ్లీ ఎప్పుడు కాలుస్తావని అడగడం మొదలుపెట్టింది.

గుళికలు అయిపోతున్నాయని, కొత్త మూట రావడం ఆలస్యమవుతుందని తెలిసి మా మరిది ఒక ఉపాయం చెప్పాడు. "మా స్నేహితుడి ఫ్యాక్టరీలో బాయిలర్‌కు ఏసేవి ఉండాయి. చెనక్కాయ పొట్టుతో చేసినవి. చూసేదానికి ఇట్లనే ఉంటాయి. మూటలు మూటలు ఉండాయి వదినా."

నేను వద్దన్నాను. అవి బాయిలర్ కోసం చేసినవి. వాటిలో ఏ పొట్టు కలిసిందో, ఏ జిగురు వేశారో చేసినవాడికే తెలియదు. ఆ పొగ తిండికి పట్టకూడదు.

"తినేవాడు ఇంక ఏమవుతాడు వదినా" అన్నాడు. అనేశాక వాడి మొహం మారిపోయింది. వాడు ఏడ్చినప్పుడు నేను పక్కన ఉండడం ఏడాదిలో అదే మొదటిసారి. కర్మ రోజుల్లో వాడికి పనులు ఎక్కువ, ఏడవడానికి తీరిక దొరకలేదు. నేను కాఫీ పెట్టి తెచ్చాను. మామిడి గుళికలు వచ్చేదాకా ఆగాం.

పెరటాసి ముగిసిన కొద్ది రోజులకే ఏడాది వచ్చింది. ముందురోజు మాంసం అంగడిలో తొడ కొట్టకుండా ఇమ్మంటే, అక్కడి మనిషి కత్తి పైకెత్తి అలాగే నిలబడ్డాడు. "కొట్టకుండానా? ఎట్లా వండుతారు?" అన్నాడు. నిజానికి నాకూ తెలియదు. ఉప్పు, కారం, ధనియాలు, వెల్లుల్లి నూరి పట్టించాను. ఉప్పు చూసే వీలు లేదు కాబట్టి చెంచాతో కొలిచి వేశాను. అంతవరకు నా చేతిలో పని. ఉడికిందో లేదో నోటితో చూడకుండా చెప్పడానికి యంత్రంతో వచ్చిన సన్నని ఇనుప పుల్ల ఉంది. దాన్ని మాంసంలో గుచ్చితే లోపలి వేడి ఎంతో కిటికీలో కనిపిస్తుంది, తొంభై డిగ్రీల దగ్గరికి వస్తే ఉడికినట్టు. రుచి చూడకూడని వంటకు ఇంతకంటే తగిన పనిముట్టు ఉండదని నేను మురిసిపోయాను.

తెల్లవారగానే తొడ లోపల పెట్టాను. బయట సన్నని వాన. అంకె పెరుగుతూ వచ్చింది. ఈ లెక్కన మధ్యాహ్నానికి అయిపోతుందని లోపల చెప్పాను. సంగటి, కూర, వడలు అప్పటికి సిద్ధం చేయమన్నాను. బంధువులు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరు వచ్చినా గొడుగు పట్టుకుని వెనక్కి వచ్చి, ఆ పెట్టెను చుట్టూ తిరిగి చూసి పోయారు.

పదకొండు దాటాక అంకె ఆగిపోయింది. అరవై ఎనిమిది. కాసేపు చూశాను. అరవై ఎనిమిది. పొగ వస్తూనే ఉంది, మర తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, పెట్టె లోపలి వేడి సరిగానే ఉంది. మాంసం మాత్రం వేడెక్కడం మానేసింది. లోపల వడలు వేయించడం అయిపోయింది. అంకె ఒకటి తగ్గి అరవై ఏడుకు వచ్చింది.

మా మరిది టెస్టర్ పట్టుకుని వచ్చాడు. వైర్లు చూశాడు, ప్లగ్గు చూశాడు. "కరెంటు బాగానే ఉండాది. పుల్ల చెడిపోయినట్టుంది. మూత తీసి సూద్దామా?"

"వద్దు. తీస్తే వేడి పోతుంది."

"సూస్తే పోయేదేముంది వదినా, తినేదానికి కాదు గదా."

"తీయొద్దన్నానా."

ఫోనులో వెతికాను. వెంటనే దొరికింది. పెద్ద మాంసపు ముక్క ఒక దశకు వచ్చాక దాని తడి బయటికి వచ్చి ఆరడం మొదలవుతుందట. చెమట ఆరి ఒళ్లు చల్లబడినట్టు, ఆ ఆరడం మాంసాన్ని చల్లబరుస్తుంది. ఆ తడి తగ్గేదాకా అంకె కదలదు. ఇది యంత్రం తప్పు కాదు. పొగలో మాంసం వండే ప్రతివాడికీ తెలిసిన సంగతి. ఒకరికి గంట పడుతుంది, ఒకరికి నాలుగు గంటలు పడుతుంది. ముందుగా చెప్పలేం.

యంత్రం ఎక్కడెక్కడ చెడుతుందో నేను అంతా చదివాను. ఏమీ చెడకుండానే వంట ఆగిపోతుందని చదవలేదు. నెలంతా వంకాయలు కాల్చాను. వంకాయ ఎప్పుడూ అలా ఆగలేదు. పెరటాసి లేకపోతే ఒక్క కోడితోనైనా ప్రయత్నించి తెలుసుకునేదాన్ని.

మధ్యాహ్నం దాటింది. కూర ఉంది, సంగటి ముద్దలు ఆరిపోతున్నాయి. ఆకు వేసేదాకా ఎవరూ తినకూడదు. ఆకులో తొడ లేకుండా వేయడం నాకు ఇష్టం లేదు. మొదట నవ్వులాటగానే మొదలైంది.

"దీన్ని పొగ మిషన్ అంటారా, పస్తు మిషన్ అంటారా?" అన్నాడు మా అత్తకు తమ్ముడైన పెద్దాయన.

"నువ్వు పొద్దున దోసె తిని వచ్చినావని మాకు తెలీదనుకున్నావా?" అంది మా అత్త.

"అది పుత్తూరులో తినిన్నాను. ఈడికి వచ్చినాక తినలే. నాకు సుగరుక్కా. మాత్ర ఏసుకున్న్యాను."

"అరిటిపండు తిను. అది వంట కాదులే."

తరువాత నవ్వులు తగ్గాయి. ఆడవాళ్లు వంటింటి గుమ్మంలో మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దీపాల వేళ దాటితే ఆకు వేయకూడదు. వాన వల్ల అప్పటికే చీకటి పడ్డట్టు ఉంది. చివరికి మా మరిది వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"వదినా, కోపం చేసుకోవద్దు. అందరూ అనేది ఏమంటే, దాన్ని ముక్కలు కొట్టి కుక్కర్లో ఏద్దామని. పొగ ఎట్లాగూ పట్టింది గదా. రెండు విజిల్లు వస్తే అయిపోతుంది. అన్నకు ఆకు తప్పిపోతే ఎట్లా?"

వాడు చెప్పింది సబబే. వాడికి అన్న ఆకు తప్పకూడదు. నాకు ఆ ఆకులో ఇంకో కూర ఉండకూడదు. రెండూ ఒకే మనిషి కోసమే. కుక్కర్లో పెడితే అది కూరే అవుతుందని చెప్పాలనుకున్నాను. అంకె వైపు చూస్తూ కూర్చున్నాను. అరవై ఎనిమిది.

మా అత్త గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. యంత్రం కొన్నప్పటి నుంచీ ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. పొగకు దూరంగా, సజ్జ అంచున నిలబడింది.

"ఏమంటా ఉండారు?"

మా మరిది చెప్పాడు. ఆమె విని, గుమ్మంలో నిలబడినవాళ్లందరికీ వినపడేలా అంది:

"వాడు బువ్వకు పిలిస్తే ఏ పొద్దన్నా ఒక్క పిలుపుకు వచ్చినాడా? ఇంట్లో అందురూ వాడి కోసరం కూసోని ఉన్నోళ్లే గదా. ఈ పొద్దు ఒక్క పొద్దు గూడా కూసుంటే మీ సొమ్మేం పోతుంది? కూసోండి."

ఆమె కుర్చీ తెప్పించుకుని నా పక్కన కూర్చుంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే పొగ వల్లే అని కొంగుతో తుడుచుకుంది. పొగ ఆ పక్కకు రావడం లేదు.

అరవై తొమ్మిది అయింది. తరువాత చాలాసేపటికి డెబ్భై. ఆ తరువాత త్వరగానే కదిలింది. దీపాలు పెట్టడానికి ఇంకా కొంచెం వేళ ఉండగా తొడ బయటికి తీశాను. నల్లగా, ముడుచుకుని, ఎముక చివర బయటికి వచ్చి ఉంది. మా మరిది తడి గుడ్డ కట్టుకుని లోపలికి మోసుకుపోయాడు.

ఆయన పటం ముందు ఆకు వేశాం. సంగటి, కూర, వడలు, నాటుకోడి, మధ్యలో తొడ నుంచి కోసిన ముక్కలు. మరిది నీళ్లు తిప్పి దండం పెట్టాడు. తరువాత అందరం బయటికి వచ్చి తలుపు మూసేశాం. ఆకు వేశాక లోపల ఎవరూ ఉండకూడదు. పోయిన మనిషి వచ్చి తినేంత సేపు బయట ఆగి, తరువాత తలుపు తట్టి తీస్తారు. ఎంతసేపు అన్నది ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు. మామూలుగా అది ఐదు నిమిషాల పని.

పెరట్లో అందరూ నిలబడ్డారు. పొద్దుటి నుంచీ తినని మనుషులు. వాన చినుకులుగా పడుతోంది. ఆపిన యంత్రం ఇంకా వేడిగా ఉంది, పిల్లలు దాని పక్కన చేతులు కాచుకుంటున్నారు. పెద్దాయన మా అత్త వైపు చూశాడు, ఇక తీయవచ్చు కదా అన్నట్టు. మా అత్త తలుపు మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగింది.

"నువ్వు సెప్పు. వాడు ఎంతసేపు తింటాడో నీకు తెలిసినట్టు నాకు తెలీదు."

అది నాకు తెలుసు. ఆయన నెమ్మదిగా తినేవాడు. ముద్ద కలిపి, ఏదో చెప్పి, ఆ చెప్పేది పూర్తయ్యాక నోట్లో పెట్టుకునేవాడు. నేను తిని, చెయ్యి ఎండిపోయి, ఎదురుగా కూర్చుని ఉండేదాన్ని. ఎన్నోసార్లు విసుక్కున్నాను.

"ఇంకా కాలేదత్తా" అన్నాను.

ఆకలితో ఉన్న వాళ్లని అలా నిలబెట్టడం మర్యాద కాదని తెలిసినా, నేను తొందరపడలేదు. మొదట సంగటి తింటాడు. కూర అయ్యాక కోడి. కొత్త వస్తువు కాబట్టి తొడను చివరికి ఉంచుకుంటాడు, ముందు దాని గురించి మాట్లాడతాడు. ఒక ముక్క తిని ఏదో ఒక వంక పెడతాడు. మళ్లీ ఒకటి తీసుకుంటాడు. మజ్జిగ అడుగుతాడు. మజ్జిగ పోసుకున్నాక ఇంకా కొంచెంసేపు ఉంటుంది, వేళ్లు తుడిచి తినేంత.

"ఇప్పుడు తీయొచ్చు" అన్నాను.

మా అత్త తలుపు తట్టి తీసింది. మా మరిది దీపం వెలిగించాడు.

అందరూ ఒకేసారి తినడానికి కూర్చున్నారు. తొడ అంచులు ఎండిపోయాయి, ఎముక దగ్గర మెత్తగా ఉంది. ఉప్పు ఒక పిసరు తక్కువ. బాగుందన్నవాళ్లు ఉన్నారు, కూరే నయమన్నవాళ్లూ ఉన్నారు. మా మరిది మూడుసార్లు వేయించుకున్నాడు. నేను ఎప్పుడూ త్వరగా తినేదాన్ని. ఆ పూట ముద్ద ముద్దకీ ఆగి తిన్నాను. నాకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆకులు మడిచి లేచి వెళ్లారు. ఎదురు వరుసలో మా అత్త ఒక్కతే మిగిలింది. ఆమె తినడం అప్పటికే అయిపోయింది. చెయ్యి ఎండిపోయి ఉంది. నేను మజ్జిగ పోసుకునేదాకా లేవకుండా అలాగే కూర్చుంది.